మార్లాకొక చీటీ, కోల్బీకొక చీటీ

మార్లాకి ఈ వయసులో పొగరెక్కిందని మొదట అన్నది మా పక్కింటి జెనీవా. ఆవిడకెలా తెలుసంటే, నలభై మైళ్ళ అవతల కాలేజీ ఆఫీసులో పనిచేసే ఆవిడ ఆడబిడ్డ చెప్పిందట. నలభై ఒక్కేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, మీసాలు సరిగా రాని కుర్రాళ్ళ మధ్య కూచుని కెమిస్ట్రీ చదువుతోందట. "ఇన్నాళ్ళూ ఊరి పళ్ళు తోమింది, ఇప్పుడు పీకుతానని బయల్దేరిందట" అని ఆ ఆడబిడ్డ నవ్విందట. ఆ నవ్వు కూడా వదలకుండా తెచ్చి కంచె మీంచి నాకు అందించి పోయింది జెనీవా.

నాకది కొత్త కబురు కాదు. డాక్టర్ హాల్‌స్టెడ్ పళ్ళాసుపత్రిలో ముందు బల్ల నాది, పళ్ళు శుభ్రం చేసే వెనక గది మార్లాది. పదహారేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక చెక్క గోడ. ఆమె ఎవరి నోట్లో ఏం గీకుతోందో చప్పుడు బట్టి చెప్పగలను.

పళ్ళ డాక్టరు కావాలని అడిగితే, డెంటల్ స్కూలు వాళ్ళు ఆమె పాత చదువు చాలదన్నారు. సైన్సు మళ్ళీ చదివి, బరువైన చదువు మోయగలనని చూపించమన్నారు. మూడేళ్ళు సాయంత్రాలు కారేసుకుని వెళ్ళి రెండు రకాల కెమిస్ట్రీ, ఫిజిక్సూ గట్టెక్కింది. దరఖాస్తు పంపేలోపు ఇంకొక్క టర్మే మిగిలింది, అందులో రెండు కోర్సులకే చోటుంది. ఆ రెండూ ఏవన్నదాని మీదే అంతా ఉంది. పైగా ఎవరైనా పళ్ళ డాక్టరు ఉత్తరం రాసివ్వాలి. మా కౌంటీ మొత్తానికి ఉన్న పళ్ళ డాక్టరు ఒక్కడే.

అందుకే ఆయన్నే అడిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ, దాల్చినచెక్క రొట్టె మాంసం, చిక్కుడుగింజల చిల్లీ పులుసులో ముంచుకుని తింటూ, ఆయన అపాయింట్‌మెంటు కార్డు వెనక రెండు పేర్లు రాసిచ్చాడు. పోషకాహారం ఒకటి, వైద్య పదాలు ఒకటి. నీ వయసులో బరువైనవి నెత్తికెత్తుకుని మార్కులు పోగొట్టుకోకు, సీట్లిచ్చే కమిటీ చూసేది మార్కులేనని చెప్పాడు. ఆమె ఆ కార్డుని చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యేసి చూసుకుంది. రెండూ ఆ సాయంత్రమే తీసేసుకుంది.

నాలుగు రోజుల తర్వాత ఆయనే ఇంకో కార్డు నా బల్ల మీద పడేసి, కోల్బీకి పోస్టు చెయ్యమన్నాడు. కోల్బీ ఆయన తమ్ముడి కొడుకు. ఈ ఏడే వాడూ అదే స్కూలుకి దరఖాస్తు పెడుతున్నాడు. తిప్పి చూశాను. ల్యాబుతో బయోకెమిస్ట్రీ, ల్యాబుతో మైక్రోబయాలజీ. కింద రెండు గీతలు గీసి, "తేలికవి ముట్టుకోకు. కమిటీ ఇట్టే పసిగడుతుంది" అని ఉంది. అదే దస్తూరీ, అదే నీలం సిరా.

కోల్బీ డాక్టరైతే బయట బోర్డు మీద ఇంటిపేరు కూడా మార్చక్కర్లేదు. మార్లా అయితే ఎదురు వీధిలో ఇంకో బోర్డు లేస్తుంది, వెనక గది ఖాళీ అవుతుంది. ఇది అర్థం కావడానికి నాకు కాలేజీ అవసరం లేదు. కార్డు పోస్టు చేసేముందు కాపీ తీశాను. తీసి సొరుగులో, స్టేప్లర్ కింద, తొమ్మిది రోజులు ఉంచాను. నా ఉద్యోగమూ ఆయన చేతిలోదే మరి.

కోర్సులు మార్చుకోడానికి ఒక్కరోజు మిగిలిందనగా కార్ల దగ్గర ఆ కాపీ ఆమె చేతిలో పెట్టాను. జేబులోంచి తన కార్డు కూడా తీసి, రెండూ నా కారు ముందు రేకు మీద పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది.

"ఎప్పట్నుంచి ఉంది ఇది నీ దగ్గర?"

పోయిన వారం నుంచన్నాను.

"ఇకమీదట నీ పళ్ళు ఇంకెక్కడైనా చేయించుకో, ట్వైలా."

ఆ మధ్యాహ్నమే కాలేజీకెళ్ళి పాతవి రెండూ వదిలేసి, కోల్బీ చీటీలో ఉన్నవే తీసుకుంది. ఒక ల్యాబు మంగళవారం, ఒకటి గురువారం, రెండూ పట్టపగలే. వేరే వేళల్లో లేవు.

శుక్రవారం డాక్టరుగారి సొంత పళ్ళ రోజు. ఆర్నెల్లకోసారి ఆయనా ఆమె కుర్చీలో పడుకోవాల్సిందే. ఆమె చిగుళ్ళ లోతు కొలిచి అంకెలు చెబుతుంటే రాసుకోడానికి నన్ను పిలుస్తారు. కుర్చీ వాల్చే ముందే చెప్పింది, ఇకనుంచి మంగళ, గురువారాలు మధ్యాహ్నం రానని. కుదరదన్నాడాయన. ఊరి పళ్ళు నీ ల్యాబు కోసం ఆగవన్నాడు.

"నోరు తెరవండి" అంది.

రెండు, మూడు, రెండు. నాలుగు, రక్తం. రాసుకున్నాను. ఆమె చెయ్యి ఎప్పటికంటే మెత్తగానే ఉంది, దానికే నాకు భయమేసింది. పై వరస అయ్యాక పనిముట్టు పక్కన పెట్టి, జేబులోంచి రెండు చీట్లూ తీసి ఆయన ఛాతీ మీది గుడ్డ మీద పెట్టింది.

ఆయన పడుకునే వాటిని చేతిలోకి తీసుకుని చదువుకున్నాడు. నా వంక ఒక చూపు చూశాడు. నా సంగతి తర్వాత తేలుస్తాడని తెలిసింది. బుకాయించలేదు మాత్రం.

"కోల్బీ అయితే ముప్పై అయిదేళ్ళు పనిచేస్తాడు. నీకు పట్టా వచ్చేసరికి నలభై ఏడు. నీకిస్తే ఆ సీటు దండగ. నీ పని నువ్వు బాగా చేస్తావు మార్లా, అక్కడే ఉండు." నోటి పక్కన రక్తం తుడుచుకుని, చెయ్యి పైకెత్తి చూపించాడు. "ఉత్తరం సంగతి మర్చిపోయినట్టున్నావ్. ఈ చేత్తో నేను రాస్తేనే నిన్ను వాళ్ళు గుమ్మంలోకి రానిచ్చేది."

మార్లా ఆ చేతినే చూస్తూ చేతి తొడుగులు మార్చుకుంది.

"ఆ చెయ్యి రెండేళ్ళుగా వణుకుతోంది డాక్టరుగారూ. మీరు పెట్టిన ఫిల్లింగులు నాలిక్కి గుచ్చుకుంటున్నాయని వచ్చినవాళ్ళందర్నీ ట్వైలా నా గదిలోకి పంపితే, నేనే అంచులు అరగదీసి పంపించాను. మంగళవారం నుంచి వాళ్ళు మీ దగ్గరికే వస్తారు."