బలిరాతి మీది మొహం

మెనెగో నూరురాయి మీద ఉమ్మి, అదే ఉలిని మూడోసారి నూరాడు. దానికి పదును తక్కువై కాదు. పని మొదలుపెట్టడం ఇష్టం లేదు, అంతే.

అరవై నాలుగేళ్ళ మనిషి. పొట్టివాడు. బల్ల మీదికి వంగీ వంగీ వీపు గూని తేలింది. ఉలి పిడి ఒత్తుకుని కుడి అరచేతిలో గట్టి కాయ కాసింది. యాభై ఏళ్ళుగా ఒకటే పని. చిత్రకారుడు చెక్క మీద సిరాతో బొమ్మ గీసిస్తాడు, మెనెగో గీతలు వదిలేసి మిగతా చెక్కంతా తవ్వేస్తాడు. గీసినవాడి పేరు పుస్తకంలో పడుతుంది. తవ్వినవాడి పేరు ఎవడికి కావాలి?

ఈసారి గీసేవాడు కూడా లేడు. మొగుడు పోయాక అచ్చుకొట్టు నడుపుతున్న ఓర్సొల, కొత్త చెక్క దండగ అంది. అటక మీంచి ముప్పై ఏళ్ళ నాటి పాత అచ్చు దింపించి అతని ముందు పెట్టింది.

"ఈ సంత్ ఎరాస్మోని మెహికో వాళ్ళ నరబలి గుడి చేసెయ్ బాబాయ్. సాయంత్రం గంట కొట్టేలోగా కావాలి."

మా వెనిస్ అచ్చుకొట్లన్నిటా ఇదే ఆచారం. యెరికో కోట బొమ్మే ట్రాయ్ పట్నం అవుతుంది, ట్రాయ్ రోడ్స్ దీవి అవుతుంది. బురుజు మీద జెండా మారిస్తే చాలు, కొనేవాళ్ళు నోరెత్తరు. అనవసరమైన చోట కొంత చెక్క తవ్వేసి, ఆ బొక్కలో కొత్త ముక్క అతికి, దాని మీద కొత్త బొమ్మ చెక్కుతాం. సముద్రం అవతల స్పెయిన్ వాళ్ళు పట్టుకున్న ఆ మెహికో పట్నాన్ని మాలో చూసినవాడెవడు గనక?

పాత అచ్చులో ఎరాస్మో మునీశ్వరుడు నెత్తిన బిషప్పు టోపీతో బల్ల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పొట్ట చీల్చి, పేగుల్ని రాట్నానికి చుడుతున్నారు భటులు. వెనక స్తంభాలు, పక్కన సింహాసనం మీద రాజు. ఓర్సొల చూపుడువేలితో చెక్క మీద పొడుచుకుంటూ లెక్క చెప్పింది. బల్ల చోట బలిరాయి. రాట్నం తీసేసి కత్తి పట్టిన పూజారి. రాజుకి కొమ్ములు పెడితే వాళ్ళ దేవుడు. స్తంభాల చోట మెట్లు.

"తలకాయ మాత్రం మొత్తం మార్చాలి," అంది. "ఓడవాళ్ళని కాపాడే మునీశ్వరుడు, ఓడ ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. పుస్తకాలకి అనుమతిచ్చే పాదిరీల కంట పడిందో, మునీశ్వరుణ్ణి దయ్యానికి బలిచ్చారని కొట్టుకి తాళమే!"

అది ఎరాస్మో తలకాయ కాదని మెనెగో ఒక్కడికే తెలుసు. అది తమ్ముడు అంజొలోది. తెడ్డు పిడి తగిలి వంకరపోయిన ముక్కు, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉండే కనుబొమలు. కాండియా దీవి వైపు వెళ్ళిన అంజొలో ఓడ ఇక రాదని తెలిసిన వారమే ఈ చెక్క చేతికొచ్చింది. చిత్రకారుడి గీతల్ని లెక్కచెయ్యకుండా, గుండెలో ఉన్న మొహం చెక్కేశాడు. ఎవరూ కనిపెట్టలేదు. అమ్మ పోయింది. అంజొలోని ఎరిగినవాళ్ళంతా పోయారు. అప్పుడప్పుడూ అటకెక్కి, చెక్క మీద దుమ్ము తుడిచి చూసి వచ్చేవాడు మెనెగో. ఈమధ్య కళ్ళు మూసుకుంటే తమ్ముడు కనిపించడం మానేశాడు, చెక్కే కనిపిస్తోంది. అదీ పోతే ఇంకేం మిగులుతుందని అతని బెంగ.

అందుకే ముందు గుడి మొదలుపెట్టాడు. అచ్చుకొచ్చిన పుస్తకం తాలూకు చేతిరాత కాయితాలు పట్టుకుని ఓర్సొల పక్కనే నిలబడి చదివింది. ఎత్తైన రాతి గోపురం, నిటారుగా నూట ఇరవై మెట్లు, కొనన రెండు గుళ్ళు, నెత్తురు కట్టిన జుట్టు నడుం దాకా వేలాడే పూజారులు.

"నూట ఇరవయ్యా? ఇక్కడ పద్నాలుగుకి మించి పట్టవు అమ్మాయ్."

"పద్నాలుగే పెట్టు. అక్కడికెళ్ళి లెక్కపెట్టొచ్చేవాడెవడు?"

పూజారి చేతిలో కత్తి తెమిలింది. దేవుడికి కొమ్ములు, కోరలు, మేక కాళ్ళు వచ్చాయి. నిజానికి అది మా గుడి గోడ మీది దయ్యమే, ఇంకో దయ్యాన్ని మేం ఎరగం. మెనెగో రెండుసార్లు లేచి వంతెన దాకా నడిచి, ఎందుకొచ్చాడో తెలీక తిరిగొచ్చాడు. సార్డీన్ చేపలూ ఉల్లిపాయల పులుసూ గిన్నెలో చల్లారిపోయాయి.

"తినవేం? ఏమిటా కాలుకాలిన పిల్లిలా తిరుగుడు?" అని కసిరింది ఓర్సొల.

"ఆ మెట్ల కింద వీడి తాలూకు వాళ్ళెవరన్నా నిలబడి ఉంటారా?"

"ఎవడి తాలూకు?"

"ఈ రాతి మీద పడుకున్నవాడి తాలూకు."

ఓర్సొల కాయితాలు వెనక్కీ ముందుకీ తిప్పింది. "రాయలేదు బాబాయ్."

మధ్యాహ్నం దాటాక ఇక తప్పలేదు. తలని తవ్వి పారెయ్యకుండా చుట్టూ బెజ్జాలు వేసి, విరక్కుండా ఒకే ముక్కగా ఊడదీసి దాచుకుందామని అతని ఎత్తు. నాలుగు బెజ్జాలు వేశాడు. సన్న రంపం ఆడించాడు. వెనకనుంచి మెల్లిగా తట్టాడు. బేరిపండు చెట్టు చెక్క, లోపలంతా పురుగు తొలిచేసి ఉంది. వంకర ముక్కు, కనుబొమలు, నుదురు, అన్నీ రవ్వ పిండిలా అరచేతిలోకి రాలాయి. ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమోనని మెనెగో చాలాసేపు ఊపిరి పీల్చలేదు. తర్వాత ఏడ్చాడు. చప్పుడు లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు.

బొక్కలో కొత్త ముక్క జిగురుతో అతికాడు. అది సరిగ్గా ఆరేదాకా కూడా ఆగలేదు. కళ్ళు మూసుకున్నాడు. చెక్క కనిపించలేదు. చాలాసేపటికి తడి జుట్టుతో, నోట్లో సగం రొట్టె కుక్కుకుని నవ్వుతూ అంజొలో కనిపించాడు. ఆ ఉలి ఇక ఆగలేదు.

ఓర్సొల వచ్చి, గీతలు తేలేలా బొగ్గు పొడి అద్ది చూసి, నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా ఖర్మా! మళ్ళీ అదే మొహమా? మార్చమని కదా చెప్పాను!"

"ఎరాస్మో కాదమ్మాయ్. ఎప్పుడూ కాదు. మా తమ్ముడు."

"నీకు తమ్ముడున్నాడా?"

"ఉండేవాడు."

ఇరవై ఆరేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశారు ఇద్దరూ.

"మరి పాదిరీలో?" అంది చివరికి, గొంతు తగ్గించి.

"వాళ్ళు టోపీ చూస్తారు, మొహం చూడరు. టోపీ తీసేశాను. ఆ రాతి మీద పడుకున్నవాడూ ఎవడో ఒకడికి తమ్ముడే అయ్యుంటాడు కదమ్మా. ఉండనీ."

అచ్చుయంత్రం తిప్పే బోర్తొలోని పిలుచుకొస్తానని ఓర్సొల కిందికి వెళ్ళింది. సాయంత్రం గంట మోగుతుండగా ఇద్దరూ పైకొచ్చారు. మెనెగో మడిచిన చేతుల మీద చెంప ఆనించి ఉన్నాడు. బాబాయ్ అని రెండుసార్లు పిలిచి, భుజం మీద చెయ్యి వేశాక ఓర్సొలకి అర్థమైంది. అతని జుట్టులో ఇరుక్కున్న చెక్కపొట్టు ఒక్కొక్కటే ఏరుతూ, ఏరుతూ, కూలబడి ఏడ్చింది.

మట్టి చేసిన మర్నాడు అచ్చు మొదలైంది. బోర్తొలో చెక్క మీద వేళ్ళతో తడిమి మొహం చిట్లించాడు.

"తలకాయ అతుకు వెంట్రుకవాసి పైకి లేచిందమ్మా. జిగురు ఆరకుండానే చెక్కినట్టున్నాడు ముసలాయన. చిత్రికతో ఒక్క లాగు లాగితే సమానమైపోతుంది."

"దాని జోలికెళ్ళావంటే చేతులు విరగ్గొడతా," అంది ఓర్సొల. "సిరా వెయ్యి."

బోర్తొలో సిరా వేసి, కాయితం ఒత్తి తీశాడు. కాయితం మీద గోపురం, మెట్లు, కొమ్ముల దేవుడు, కత్తి పట్టిన పూజారి, అన్నీ బూడిదరంగులో వెలిసిపోయినట్టే పడ్డాయి. తలకాయ ఒక్కటే నల్లగా దిగింది. చెక్క మీద కూడా, అన్నిటికన్నా వెంట్రుకవాసి ఎత్తున, వంకర ముక్కుతో, సిరాతో నల్లగా తడిసి నిగనిగలాడుతూ ఆ చిన్న తలకాయ ఉంది.