హాలహర్వి వంకలో కొత్త పడవ

ఈరేష్, తాయమ్మల కాపురం సగం లారీలోనే. కాకినాడలో తయారైన ఫైబర్ పడవలను ఎక్కించుకుని, ఎమ్మిగనూరు, ఆదోని మీదుగా తుంగభద్ర డ్యామ్‌లో చేపలు పట్టేవాళ్లకు చేరుస్తుంటారు. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టిన ఈరేష్‌కు ఈత రాదు. తాయమ్మది నది ఒడ్డు ఊరు, తండ్రి చేపలు పట్టేవాడు. చిన్ననాడే తెడ్డు పట్టిన మనిషి, పెళ్లయ్యాక స్టీరింగు కూడా పట్టింది. ఆదోని బజారులో కేబుల్ తీగలు కిందికి వేలాడుతుంటే ఆమె పడవ మీదికెక్కి వెదురు గడతో ఎత్తి పడుతుంది, కింద ఈరేష్ అంగుళం అంగుళంగా బండిని నడుపుతాడు. పత్తి యార్డు ముందు టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడి చూస్తారు.

మొన్న అక్టోబరులో హాలహర్వి దాటాక బండ్లు ఆగిపోయి ఉన్నాయి. పైన ఎక్కడో కురిసిన వానకు వంక పొంగి కల్వర్టు మునిగింది. ఇవతలి గట్టున జనం కేకలు పెడుతున్నారు. పత్తి తీయడానికి పోయిన కూలీలు వంక నడుమ ఒక దిబ్బ మీద చిక్కుకున్నారు. ఫైరింజను ఆదోనిలో బయలుదేరిందట. నీళ్లు మాత్రం చూస్తుండగానే దిబ్బను కొరికేస్తున్నాయి.

తాయమ్మ ఒకసారి దిబ్బను, ఒకసారి లారీని చూసింది. "పడవ దింపుదాం మామా."

"అది మనది కాదు మే. డ్యామ్ కాడ దీనికోసం ఎదురుసూసే సిద్దప్పన్నకు ఏం సెప్పాల?"

"ఆ మనుషులు గూడా మనోళ్లు కాదు. అట్లని సూస్తా నిలబడతామా?"

ఈరేష్ గొంతు తగ్గించాడు. "నీకేమన్నా అయితే?"

"తాడు నీ సేతిలోనే ఉంటాది గదా."

ఈరేష్ లారీ పైకెక్కాడు. మోకులు విప్పి, గట్టున ఉన్న మగవాళ్లందరినీ పిలిచాడు. పడవను చేతుల మీద దింపారు. పొడవాటి తాడు తీసి లారీ కొక్కేనికి ఒక కొస, పడవ ముక్కుకు ఒక కొస కట్టి, ముడిని రెండుసార్లు లాగి చూసుకున్నాడు. తాయమ్మ చీర కుచ్చిళ్లు దోపి తెడ్డు అందుకుంది. నేరుగా పోలేదు. గట్టు వెంబడి ఎగువకు లాగించుకుని, అక్కడినుంచి ప్రవాహంతో పాటు ఏటవాలుగా జారుతూ దిబ్బను పట్టుకుంది.

మొదటిసారి పిల్లతల్లులను తెచ్చింది. రెండోసారికి మిగిలినవాళ్లంతా ఎక్కారు గానీ, రంగమ్మ అనే ముసలామె పత్తి మూట మీద కూర్చుని లేవనంది.

"పొద్దున్నుంచి నడుములు ఇరగ్గొట్టుకొని తీసినాను తల్లీ. దీన్ని ఇడిసి యాడికి రావాల?"

"మూట తడిసి బరువెక్కింది అవ్వా. దాన్ని ఎక్కిస్తే అందరమూ పోతాం. నా సెయ్యి పట్టుకో."

రంగమ్మ ఏడుస్తూనే ఎక్కింది. నడి వంకలో ఉండగా కొట్టుకొచ్చిన తుమ్మ మొద్దు పడవను పక్కనుంచి గుద్దింది. పడవ ఒరిగింది, లోపలివాళ్లు కెవ్వుమన్నారు. "కూసోండి! ఎవురూ లేయొద్దు!" అని అరిచి తాయమ్మ ఒరిగిన వైపుకు ఎదురుగా తన బరువంతా వేసింది. గట్టున ఈరేష్ తాడును చేతికి చుట్టుకుని వెనక్కి వాలాడు. అరచేతులు చిట్లాయి. ఆ లాగుడుకు గట్టు దిగి నడుము దాకా నీళ్లలోకి వచ్చిన సంగతి కూడా అతనికి తెలియలేదు. వెనకనుంచి లారీ డ్రైవర్లు తాడందుకుని లాగారు. పడవ గట్టుకు తగలగానే ఈరేష్ ముందు తాయమ్మ మణికట్టు పట్టుకున్నాడు, చాలాసేపు వదల్లేదు.

కాసేపటికి దిబ్బ మునిగింది. రంగమ్మ మూట తేలుతూ పోయింది. అటు చూడకుండా ఆమె తాయమ్మ తలమీద చెయ్యి వేసి, "సల్లగుండు తల్లీ," అంది.

వంక తగ్గాక మర్నాడు డ్యామ్ చేరారు. మొద్దు గుద్దిన చోట పడవకు మూరెడు గీత పడింది. ఈరేష్ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. సిద్దప్ప ఆ గీత మీద వేలు నడిపి, తాయమ్మ వైపు తిరిగాడు.

"నువ్వొక్కదానివే తెడ్డేసినావా అమ్మా?"

"తాడు ఆయన పట్టినాడు అన్నా."

సిద్దప్ప తల ఊపాడు. "గీతకు రంగేస్తే పోతాది. రాండి, ముందు అన్నం తినండి."

చేపల పులుసుతో కడుపు నిండా తిన్నారు. ఎండ వాలకముందే తిరుగుదారి పట్టారు. ఈరేష్ అరచేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి కాబట్టి ఆదోని దాకా తాయమ్మే నడిపింది.