శరణు కుట్టు

బౌద్ధ ధ్యానకేంద్రం మూడో అంతస్తులో ఉంది. దాని కింద జిమ్ము. పైన వీళ్ళు శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చున్నప్పుడే కింద ఎవడో ఒకడు ఇనుప బరువు ధన్‌మని నేలకు వదిలేస్తాడు. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. పాతవాళ్ళు కనురెప్ప కూడా కదపరు, కాకపోతే వాణ్ణి మనసులో ఓ మాట అనుకుంటారు. "అదీ మన గంటే అనుకోండి" అంటుంది గురువమ్మ. గుండు చేయించుకుని గోధుమరంగు బట్ట కట్టుకునే ఆ గురువమ్మ ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సు. సూది గుచ్చే ముందు రోగితో మాట్లాడినట్టు ఇప్పటికీ అందరితో మెత్తగా మాట్లాడుతుంది. నొప్పి తర్వాత తెలుస్తుంది.

ఆ కేంద్రంలో దీక్షకు మూడు దారులున్నాయి. మొదటిది మామూలు మనుషులది. అయిదు నియమాలు తీసుకుని, ఇంటికెళ్ళి ఎప్పట్లాగే ఉండొచ్చు. చివరిది పూర్తి భిక్షువులది. ఇల్లూ వాకిలీ, ఆలుబిడ్డలూ అన్నీ వదులుకోవాలి. ఈ రెంటికీ నడుమ గృహస్థ గురువుల దారి ఒకటి ఉంది. వాళ్ళు గుండు చేయించుకుంటారు, చీవరమనే దీక్షావస్త్రం కప్పుకుంటారు, ఆదివారాలు బోధ చేస్తారు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ మంచం పక్కన వెళ్ళి కూర్చుంటారు. సాయంత్రానికి మాత్రం ఇంటికొచ్చి పెళ్ళాం వండింది తింటారు.

కళ్ళజోళ్ళ కొట్టు నడిపే ఆయన ఎంచుకున్నది ఈ నడిమి దారి.

"అటు సన్యాసీ కాదు, ఇటు సంసారీ కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే మా అన్నయ్యే" అంది ఆయన చెల్లెలు. "నువ్వెలా ఒప్పుకున్నావు వదినా?"

వదిన నవ్వి ఊరుకుంది. నిజానికి ఆవిడ ఒప్పుకోలేదు. కాదనలేదు, అంతే.

భార్య ఒప్పుకోకుండా దీక్ష ఇవ్వకూడదని అక్కడ నియమం. అందుకని గురువమ్మ స్వయంగా ఇంటికి వచ్చి, సోఫా చివర ఒదిగి కూర్చుని అడిగింది. "మీకు ఇష్టమేనా అమ్మా? ఇష్టం లేదంటే నేనేమీ అనుకోను. ఆయన్నీ అనుకోనివ్వను."

"అయ్యో, నాకేం అభ్యంతరమండీ! మంచి దారిలో వెళ్తానంటే వద్దంటానా?" అంది ఆవిడ, కాఫీ కప్పు అందిస్తూ.

చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే అది. నలుగురి ముందు ఆవిడ నోటికి మంచి మాటే వస్తుంది. చెడ్డ మాట గొంతు దాకా వచ్చి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పోయి ఊరుకోదు, లోపల కాపురం పెడుతుంది.

అలా లోపల కాపురం పెట్టిన మాట ఒకటుంది. కిందటి ఏడు ఆయన ఊరి బయట మౌన శిబిరానికి వెళ్ళాడు. అక్కడ వెళ్ళగానే అందరి ఫోన్లూ ఒక రేకు డబ్బాలో పెట్టి తాళం వేస్తారు. ఆయన అక్కడ కళ్ళు మూసుకుని కూర్చున్న రోజుల్లోనే ఆవిడ తల్లిని ఆసుపత్రిలో చేర్చారు. ఆవిడ శిబిరం ఆఫీసుకు ఫోన్ చేస్తే, "మౌనం పూర్తయ్యాక తప్పకుండా చెబుతామండీ" అన్నారు ఎంతో మర్యాదగా. మౌనం పూర్తయ్యేలోపు తల్లి పోయింది. ఆయన భుజాన సంచీతో, మొహం కళకళలాడుతుండగా ఇంటికి వచ్చేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి. విషయం విని గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

"ఊరుకోండి. మీకు మాత్రం ఏం తెలుసు పాపం" అని ఆవిడే ఓదార్చింది. చూసినవాళ్ళంతా ఎంత సహనం అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. ఆవిడకూ నచ్చిందేమో, ఎవరికి తెలుసు.

ఇక చీవరం సంగతి. దీక్ష తీసుకునేవాళ్ళు తమ చీవరం తామే కుట్టుకోవాలి. మిషను పనికిరాదు. చిన్న చిన్న గుడ్డ ముక్కల్ని వరిమళ్ళూ గట్లూ పేర్చినట్టు పేర్చి, నువ్వుగింజంత కుట్లతో చేత్తో కలపాలి. సూది దిగిన ప్రతిసారీ మనసులో 'శరణు' అనుకోవాలి. దాన్ని అక్కడ శరణు కుట్టు అంటారు. మనసు పక్కకు పోతే కుట్టూ పక్కకు పోతుందనీ, అప్పుడు విప్పి మళ్ళీ కుట్టుకోవాలనీ గురువమ్మ చెబుతుంది.

కళ్ళజోడు ఫ్రేముల్లో కంటికి ఆనని మరలు బిగించే ఆయన చెయ్యి, సూది పట్టుకునేసరికి మొండికేసింది. గురువమ్మ చూడటం, విప్పమనడం. ఆయన విప్పడం, మళ్ళీ వంకరగా కుట్టడం. భోజనాల బల్ల నిండా గుడ్డముక్కలు పరుచుకున్నాయి. మొగుడూ పెళ్ళాం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

ఆవిడేమో ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. శుభలేఖ చేతికిస్తే ముందు తప్పులు చూసి, ఆ తర్వాతే పెళ్ళి ఎవరిదో చూస్తుంది. ఒక మధ్యాహ్నం ప్రూఫుల కట్ట ఇంటికి తెచ్చుకుని, బల్ల మీద చోటు కోసం చీవరాన్ని పక్కకు జరపబోయింది. తాగినవాడు ఇంటికి నడిచి వచ్చినట్టున్న ఆ కుట్ల వరస కంటబడింది. తప్పు చూసి దిద్దకుండా పోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. కత్తెర తీసుకుని వరసంతా విప్పింది. సూది అందుకుంది.

శరణు అనుకోవాలని ఆవిడకు తెలుసు. ఆయన రోజూ చెబుతూనే ఉన్నాడు. కానీ మొదటి కుట్టు దిగగానే వచ్చింది వేరే మాట. మా అమ్మ పోతుంటే కళ్ళు మూసుకుని కూర్చున్నావు. రెండో కుట్టుకు ఇంకోటి. ఫోను డబ్బాలో పడేసి తాళం వేసుకున్నావు. మూడో కుట్టుకు, నీ శాంతి తగలెయ్య. కాపురానికి వచ్చాక 'మీరు' తప్ప ఎరగని మనిషి, లోపల మాత్రం ఏకవచనంలో ఏకిపారేసింది. కుట్టుకో తిట్టు. విచిత్రం ఏమిటంటే, తిట్టేకొద్దీ చెయ్యి నిలకడగా ఆడింది. గీత గీసినట్టు వచ్చాయి కుట్లు.

సాయంత్రం ఆయన వచ్చి చూశాడు. ఆ వరస మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నె మళ్ళీ కడిగింది.

మర్నాడు ఆయన కొట్టుకు వెళ్ళాక చూస్తే, సూదికి దారం ఎక్కించి ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో సరిగ్గా అక్కడ గుచ్చి ఉంది.

ఆ తర్వాత రోజూ అంతే. ఆయన దారం ఎక్కించి పోతాడు, ఆవిడ తిట్టుకుంటూ కుడుతుంది. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ కుక్కిన పేనుల్లా కూర్చుని కూర బాగుందంటే బాగుందనుకుంటారు. దొంగలిద్దరూ ఒకే ఇంట్లో పడితే ఇంతకంటే మర్యాదగా ఉండలేరు.

పూర్తయిన చీవరాన్ని గురువమ్మ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. "మొదట్లో వెతుక్కున్నారు. ఇదిగో ఇక్కణ్ణుంచి మనసు కుదిరింది" అంది. ఆ 'ఇక్కడ' ఏ మధ్యాహ్నమో ఆయనకూ తెలుసు. తల దించుకున్నాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

దీక్ష ఆదివారం పొద్దున పెట్టుకున్నారు. హాలు నిండిపోయింది. చుట్టాలు, కొట్టు పక్క కొట్లవాళ్ళు, ప్రెస్సు వాళ్ళు కూడా వచ్చారు. ఆడపడుచు మోకాళ్ళ నొప్పులని వెనక కుర్చీ వేయించుకుంది. ఆయన కొత్త గుండుతో నడుమ మోకరిల్లాడు. జుట్టు లేకపోయేసరికి చెవులు పెద్దవై, బడికి మొదటిసారి వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. ఎదురుగా పళ్ళెంలో మడతపెట్టిన చీవరం.

గురువమ్మ ఒక్కొక్కటే అడగసాగింది.

"ఇంట్లోవాళ్ళ అనుమతి ఉందా?"

"ఉంది."

"ఈ చీవరం మీ చేత్తో కుట్టుకున్నారా?"

"కుట్టుకున్నాను."

ముందు వరసలో కూర్చున్న ఆవిడకు చెవులు భగ్గుమన్నాయి. ఎంత తేలిగ్గా అనేశాడు! కానీ వెంటనే సిగ్గు తన మీదికే తిరిగింది. ఊడిన బొత్తాం దగ్గర నుంచి జారిన మాట దాకా ఇన్నేళ్ళూ ఆయనవి చప్పుడు లేకుండా సరిచేస్తూ వచ్చింది తనే. సూదికి దారం ఎక్కించి పెడితే చాలని ఆయనకు నేర్పిందీ తనే.

"ఇప్పుడు సభను అడుగుతున్నాను" అంది గురువమ్మ. అక్కడ అదొక పద్ధతి. మూడుసార్లు అడుగుతారు. మూడోసారీ ఎవరూ మాట్లాడకపోతే దీక్ష ఖాయమైనట్టు. "ఈయన దీక్షకు ఒప్పుకునేవాళ్ళు మౌనంగా ఉండండి. ఒప్పుకోనివాళ్ళు మాట్లాడండి."

ఎవరూ మాట్లాడలేదు. కింద బరువు ధన్‌మంది.

రెండోసారి అడిగింది. ముందు వరసలో ఆవిడ గొంతు దాకా ఏదో మాట వచ్చి ఆగింది.

మూడోసారి అడిగింది.

"నేను ఒప్పుకోనండి."

అందరూ వెనక్కి, పక్కలకు తిరిగి చూశారు. మాట్లాడింది నడుమ మోకరిల్లిన మనిషి. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"నేను అబద్ధం చెప్పాను" అన్నాడాయన. గుండు మీద చెమట పట్టింది. "దీన్లో సగానికి పైగా మా ఆవిడ కుట్టింది. రోజూ సూదికి దారం ఎక్కించి బల్ల మీద పెట్టి కొట్టుకి పోయేవాణ్ణి. కుట్టమని అడగలేదు. అడిగితే తప్పు నాదవుతుందని అడగలేదు."

"గుండయ్యాక గుర్తొచ్చిందా అన్నయ్యా!" అని వెనక నుంచి ఆడపడుచు గొణుగుడు హాలంతా వినబడింది.

ఆవిడకు ఆయన మీద ఒక్కసారిగా ప్రేమ పొంగింది. ఇంతమందిలో తన పరువు తనే తీసుకున్న మనిషిని అంత దగ్గరగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

గురువమ్మ చీవరం మీద చెయ్యి ఉంచింది. "ఒంటరిగా చెయ్యలేనిది ఇద్దరు చేస్తే నేను కాదనను. ఇన్నాళ్ళూ దాచారు, ఇప్పుడు చెప్పారు. అది చాలు. కానీ శరణు అనుకుంటూ కుడితేనే ఇది చీవరం. లేకపోతే ఉత్త గుడ్డ. విప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే." ఆవిడ వైపు తిరిగింది. "అమ్మా, కుట్టేటప్పుడు మీ మనసులో ఏముంది?"

హాల్లో తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

నిజం చెబితే అంతా చెప్పాలి. అమ్మ మంచం, రేకు డబ్బా, ఏకవచనం, అన్నీ. ఆయన ఆ గుండుతో, ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళాలి. ఆయన కోసమే నిజం చెప్పకుండా ఆగిందని అంటే బాగానే ఉండును, కానీ అది సగం మాటే. ఎంత సహనం అన్నవాళ్ళంతా ఆ హాల్లోనే కూర్చుని ఉన్నారు.

"శరణు అనే అనుకున్నానండీ" అంది ఆవిడ. అక్కడితో ఆగినా బాగుండేది. నోరు అలవాటుగా తియ్యగా ఇంకా సాగింది. "ఆయనకు కుదరడం లేదు కదా అని, ఆయన బదులు నేను అనుకున్నాను."

గురువమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. అది చూసి హాలంతా జోడించింది. ప్రెస్సు మేనేజరు కూడా. అన్ని నమస్కారాలు ఒక్కసారిగా మీద పడితే ఎటు చూడాలో తెలియక ఆవిడ చాప అంచు చూస్తూ కూర్చుంది. చీవరం ఆయన భుజాలకెక్కింది. ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

అంతా అయ్యాక మెట్ల దగ్గర, చెప్పుల అర పక్కన ఆయన ఆవిణ్ణి పట్టుకున్నాడు.

"నేను కుట్టినప్పుడు ఒక్కసారీ శరణు గుర్తురాలేదు నాకు. కొట్టే గుర్తొచ్చేది" అన్నాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "మీ అమ్మ విషయంలో నిన్ను క్షమించమని అడగాలని ఏడాది నుంచీ చూస్తున్నా. నోరు రాలేదు. నామీద అంత కోపం ఉండాల్సిన మనిషివి, నాకోసం శరణు అనుకుంటూ కుట్టావు. అడక్కుండానే క్షమించేశావని ఇవాళ అర్థమైంది. గుండెలో బండ దిగిపోయిందే నాకు."

ఆవిడ గొంతు దాకా మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక్కి పోలేదు.

"క్షమించలేదండీ" అంది. "తిట్టుకుంటూ కుట్టాను. ప్రతి కుట్టుకీ తిట్టాను మిమ్మల్ని. హాల్లో చెప్పింది అబద్ధం."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు, ఎంతో ముద్దుగా.

"నువ్వా? తిట్టడమా? ఇన్నేళ్ళలో నీ నోట ఒక్క మాట విన్నానా నేను? పొగిడితే ఇబ్బందిగా ఉంటే సరే, పొగడను లే" అన్నాడు. లోపల్నుంచి ఎవరో పిలిచారు. చీవరం అంచు జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆడపడుచు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. "వదినా, నిన్ను చూసి సిగ్గు పడాలి మేమంతా" అంది.

ఆవిడ చెప్పుల కోసం వంగింది. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి. తల ఎత్తబుద్ధి కాక, ఇంకా వెతుకుతున్నట్టే వంగి ఉండిపోయింది.