ఏనుగులు మిగిలిన ఆట

ఆదిశేషమ్మ చేపల పులుసు వడ్డిస్తూ ఉంటే, మరిది వెంకయ్య చదరంగం ఆడే యంత్రం గురించి చెబుతున్నాడు. అతను మద్రాసులో ఇంజనీరింగు పాఠాలు చెబుతాడు. దొరల సీమలో చదువుకునేటప్పుడు ఆ కంప్యూటరుతో తానే ఆడాడట. బలగమంతా ఉన్నంతసేపూ బాగానే ఆడుతుందట. ఏనుగులూ, రాజులూ, ఒకటి రెండు బంట్లూ మిగిలేసరికి దానికి దిక్కు తోచదట. నాలుగెత్తుల అవతల ఏముందో కనిపించక, గెలిచే ఆటలో కూడా ఏనుగును అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటుందట.

“పాపం, అదింకా నేర్చుకుంటా ఉంది గదా,” అన్నాడు ఆమె భర్త పద్మనాభయ్య.

కాపురానికి వచ్చిన కొత్తలో అన్నం మాడితే, మీ అమ్మ నీకేమీ నేర్పలేదా అన్న మనిషి. ఉప్పెక్కువైతే విస్తరి ముందునుంచి లేచిపోయిన మనిషి. ఇనుప యంత్రం మీద చూపడానికి ఇంత జాలి ఎక్కడ దాచుకున్నాడో.

ఏనుగుల ఆట ఆమెకు కొత్త కాదు. మామగారు హజరత్తయ్య పక్షవాతంతో మంచాన పడితే, ఒళ్లు తుడిచి, గంజి తాగించి, గుడ్డలుతికింది ఆమే. పద్మనాభయ్య గుమ్మంలోనే నిలబడి పలకరించి పోయేవాడు. పొద్దుపోక ఆ ముసలాయన కోడలికి చదరంగం నేర్పాడు. ఆట మొత్తం ఆడే ఓపిక లేక చివరి నాలుగు కాయలే పేర్పించేవాడు. “తొందరపడి బంటును తొయ్యబాకమ్మా. ముందు ఏనుగుతో ఎదుటి రాజుకు దారి మూసెయ్యి. ఆనక మన రాజు నిదానంగా నడిచొస్తాడు,” అనేవాడు. ఆమెను కూర్చోబెట్టి ఒకరు ఏదైనా నేర్పడం ఆ ఇంట్లో అదే మొదలు. పోయేముందు చదరంగం బల్ల ఆమె చేతికిచ్చి, నీదేనన్నాడు.

“ఎదుటి రాజుకు దారి మూయమని దానికెవరూ చెప్పలేదా?” అని వెంకయ్యను అడిగింది.

అతను తినడం ఆపి చూశాడు. “అదే వదినా, దానికి తెలియంది. అది నేర్పేదానికే అక్కడ పెద్దపెద్దోళ్లు తల బద్దలు కొట్టుకుంటా ఉండారు. నీకెట్లా తెలుసు?”

“ఆమెకేం తెలుసులే,” అంటూ పద్మనాభయ్య మజ్జిగ అడిగాడు. వెంకయ్య మళ్లీ తల వంచుకున్నాడు.

వెంకయ్య బస్సు వేళకు పద్మనాభయ్య అటక మీది చదరంగం బల్ల దింపి తమ్ముడి చేతిలో పెట్టాడు. “నాయనది. నువ్వు తీసుకుపో. ఇంట్లో ఆడేవాళ్లెవరుండారు?”

“నేనుండాను,” అంది ఆదిశేషమ్మ.

వెంకయ్య చేతిలోంచి బల్ల తీసుకుంది.

“ఎవురితో ఆడతావు?” పద్మనాభయ్య నవ్వాడు.

“మీతోనే. కూర్చోండి.”

ఆయన నవ్వు ఆగింది. తమ్ముడి బస్సు పోతుందంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఆ మనిషి తనకెదురుగా ఎన్నటికీ కూర్చోడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆయన కూర్చుంటాడని ఎదురుచూస్తూ ఇన్నేళ్లూ తాను నిలబడే ఉందని కూడా తెలిసింది.

వాళ్లు చూస్తుండగానే బల్ల ముందర పీట వాల్చుకుని కూర్చుంది.