పద్నాలుగు అడుగుల సిల్వరు పడవ

ఆ ఉదయం మూసీ ప్రాజెక్టు కట్ట కింద హాజరైన వారి పేర్లను మత్స్యకారుల సంఘం కార్యదర్శి ఐలేశం వరుసక్రమం తప్పకుండా రిజిస్టరులో నమోదు చేశాడు. మొదట మత్స్యశాఖ ఇన్స్పెక్టరు గారు; తరువాత హైదరాబాదు నుంచి లారీలో మూడు పడవలను దింపిన కంపెనీ ఏజెంటు; మూడవవాడు సంఘం అధ్యక్షుడు రామచంద్రం; నాలుగవవాడు ఐలేశం తానే. ఆ పైన వేలిముద్రల సభ్యులు పదకొండుగురు. వారిలో చిట్టచివరివాడు గాలయ్య.

గాలయ్య ఆలస్యంగా రాలేదు. అందరికంటే ముందే వచ్చి, ఒడ్డున బోర్లించిన తన పుట్టికి, ఆ గుండ్రటి బుట్ట పడవకు, తారు పూస్తూ కూర్చున్నాడు. మూడు రాళ్ల మీద డబ్బాలో కాగిన తారును ఈత కుంచెతో అద్ది, వెదురు అల్లికపై కుట్టిన గోనెపట్టా మీద, అంచు నుంచి నడిమికి, గుండ్రంగా పూసుకుంటూ వస్తున్నాడు. సగం పని అయింది. అంతలో ఐలేశం పిలిచాడు.

"గాలయ్య మామా, వచ్చి వేలు పెట్టు. ఆగు, సిరా పూస్త."

"సిరా దేనికిరా. నా వేలుకు గీ జన్మల పోని సిరా ఉన్నది," అంటూ గాలయ్య తారు బొటనవేలిని కాగితం మీద అదిమాడు.

"గిది ఆరదు మామా, కాగితాలు అంటుకుంటయి," అని విసుక్కుంటూ ఐలేశం ఆ పుట మీద ఊదుతూ కూర్చున్నాడు.

వేలిముద్ర వేసి తిరిగి నిటారుగా నిలబడటానికి గాలయ్యకు కొంత సమయం పట్టింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో అతని శరీరమంతా బాగానే ఉంది, మోకాళ్లు తప్ప. చేతులు నరాలు తేలి గట్టిగా ఉన్నాయి. భుజాలు తెడ్డు వేసి వేసి ఒకవైపు కొంచెం బరువెక్కాయి. మోకాళ్లు మాత్రం ముప్పై అయిదేళ్లుగా పుట్టిలో గొంతుకూర్చుని కూర్చుని, ఆ మడతకే అలవాటుపడి, నేల మీద తిన్నగా చాపమంటే మొరాయిస్తున్నాయి. రెండేళ్లుగా రోజూ సాయంత్రం భార్య గోపమ్మ ఆముదం కాచి రుద్దుతోంది. పోయిన వానకాలంలో రెండుసార్లు అతడు పుట్టిలో నుంచి లేవలేక, ఒడ్డు చేరాక కూడా ఇతరులు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపేదాకా అలాగే కూర్చుండిపోయాడు. ఇంకొక వానకాలం ఆ పుట్టిలో గడవదని అతనికి తెలుసు. నీటి మీదికి పోలేని బెస్తవానికి ఒడ్డు మీద ఏ పనీ ఉండదని కూడా తెలుసు.

అందుకే, సర్కారు ఇచ్చే పడవలో కూర్చోవడానికి అడ్డబల్లలు ఉంటాయని విన్న నాటి నుంచి అతనికి ఒకటే ఆశ. బల్ల మీద కూర్చుని, కాళ్లు కిందికి వదిలి, తెడ్డు వేయవచ్చు. అట్లాగైతే ఇంకా పదేళ్లు పోవచ్చు.

మూడు పడవలూ నీటి అంచున పక్కపక్కనే ఉన్నాయి. పది అడుగులది ఒకటి, పద్నాలుగు అడుగులది ఒకటి, పద్దెనిమిది అడుగులది ఒకటి. అన్నీ అల్యూమినియం రేకువే. ఎండపొడకు వాటి వైపు చూడటమే కష్టంగా ఉంది.

"గిది పడవనా, పెండ్లిల బువ్వ వండే సిల్వరు గంజునా?" అన్నాడు లింగస్వామి. అతడు గాలయ్య తమ్ముడి కొడుకు, తండ్రి లేడు. ఇరవై ఎనిమిదేళ్ల వాడు, వాడలో అందరికంటే బలవంతుడు. పుట్టి ఎక్కడం దగ్గరి నుంచి వల విసరడం దాకా గాలయ్యే నేర్పాడు.

ఇన్స్పెక్టరు గారు కట్ట రాయి మీద రుమాలు పరచుకుని కూర్చున్నారు. "సంఘానికి ఒకటే పడవ మంజూరైంది. పని చేసేవారికి సౌకర్యం ఉండాలి, పెట్టిన డబ్బుకు విలువ ఉండాలి. మీలో నీటి మీద అనుభవం ఎవరికి ఎక్కువ?"

పదిమంది చేతులు గాలయ్యను చూపాయి.

రామచంద్రం దగ్గరగా వచ్చి మెల్లగా అన్నాడు: "గాలయ్యా, జర పెద్దదే జూడు. మెత్తటి సీటున్నది, నీడకు గుడ్డ పైకప్పున్నది. రేపు కలెక్టరు సాబు వస్తె గౌరవంగ కూసోబెట్టొచ్చు."

"కలెక్టరు సాబు వల గుంజుతడా బావా?"

అందరూ నవ్వారు. రామచంద్రం కూడా నవ్వవలసి వచ్చింది.

గాలయ్య పడవలను ఎంచిన తీరు ఇన్స్పెక్టరు గారికి వింతగా తోచి ఉండాలి. అతడు ముందుగా ఒక్కొక్కదాని అడుగున అరచేయి ఆనించి, రేకు అతుకుల వెంట వేళ్లతో తడుముకుంటూ పోయాడు. దోసెడు నీళ్లు లోపల పోసి అవి ఎటు పారుతాయో చూశాడు. తరువాత చెప్పులు ఒడ్డున వదిలి, రేకుకు దండం పెట్టి, కుడికాలు ముందు పెట్టి ఎక్కాడు.

చిన్న పడవలో వల విసరడానికి వంగేసరికి అది అతనితో పాటే వంగింది. పుట్టిలాగే తేలికైనది, కాని పుట్టికున్న బుద్ధి దానికి లేదు. పెద్ద పడవ ఎంత వంగినా కదలలేదు; అయితే దాని అంచు రొమ్ముదాకా ఉంది. తడిసిన వలను అంత ఎత్తుకు ఎత్తి లోపలికి లాగేసరికి భుజాలు లాగేశాయి. ఆ పడవ చేపలు పట్టేవారి కోసం చేసినది కాదని అతనికి అర్థమైంది.

పద్నాలుగు అడుగుల పడవలో మూడు బల్లలున్నాయి. వెనుక బల్ల మీద కూర్చోబోయి గాలయ్య ఉలిక్కిపడి లేచాడు. ఎండకు రేకు పెనంలా కాలుతోంది. గోనెసంచి తడిపి, పరిచి, మళ్లీ కూర్చున్నాడు. కాళ్లు కిందికి వదిలాడు. పాదాలు పడవ అడుగుకు ఆనాయి. మోకాళ్లు తిన్నగా, నొప్పి లేకుండా, వాటంతట అవే వేలాడాయి. వల లాగితే అంచు సరిగ్గా నడుము దగ్గర అందింది. అతడు తెడ్డు వేయడం మరచి కొంతసేపు అలాగే కూర్చున్నాడు.

అప్పుడే చిన్న గాలి తెర ఒకటి వచ్చింది. అలవాటు ప్రకారం గాలయ్య తెడ్డును పైకి తీసి, ఏమవుతుందోనని చూశాడు. గాలి వచ్చినప్పుడు పుట్టివాడు చేసే పని అదే. తెడ్డు లోపల పెట్టి, నడిమిలో అణగి కూర్చుంటే, పుట్టి తనకు తానే గిర్రున తిరిగి గాలిని జార్చేస్తుంది. నిండా మునిగే భయముండదు. ఈ పడవ తిరగలేదు. మెల్లగా తన పొడుగాటి పక్కను గాలికి అప్పగించి, ఊగడం మొదలుపెట్టింది. గాలయ్య వెంటనే తెడ్డు వేసి దాని మూతిని గాలికి ఎదురు తిప్పాడు. పడవ కుదుటపడింది.

ఒడ్డుకు వచ్చి ఐలేశం ఎదుట నిలబడ్డాడు. "రాయి. పద్నాలుగడుగులదే మంచిది. ఇద్దరు మనుషులు, ఒక వల, దినమంతా పట్టిన చేపలు, అన్నిటికీ జాగ ఉన్నది. పెద్దదానికి అంత కిమ్మతు, అన్ని పైసలు పెట్టే పని లేదు. ఇంకోటి గూడ రాయి. గాలొస్తె దీంట్ల తెడ్డు ఇడువొద్దు. మూతి గాలికే పెట్టి పట్టాలె."

"గది తీర్మానంల రాసేది కాదు మామా. ఏ పడవ అన్నదే రాస్తరు."

"రాస్తె ఏం పోతదిరా?"

"సార్ కోపం జేస్తడు," అని ఐలేశం మొదటి మాట మాత్రం రాసుకున్నాడు.

గాలయ్య లింగస్వామిని పట్టుకున్నాడు. "నువ్వన్న ఇను. గాలొస్తె గీ పడవల కూలబడకు."

"గాలికి తెడ్డు దీసి అణిగి కూసునుడు నువ్వే నేర్పితివి గదనే పెద్దబాపు. దెబ్బలు గూడ గొడ్తివి," అని లింగస్వామి నవ్వుతూ వెళ్లిపోయాడు. నేర్పినది నిజమే, కొట్టినదీ నిజమే.

మధ్యాహ్నం గోపమ్మ జొన్నరొట్టె, చింతపండు తొక్కు తెచ్చింది. తుమ్మచెట్టు నీడలో ఇద్దరూ కూర్చున్నారు.

"కుర్సీ మీద కూసున్నట్టున్నదే," అన్నాడు గాలయ్య. "మోకాళ్లు నావేనా అనిపించింది."

"పడవ నీకిస్తరా మరి?"

"ఎంచింది నేనే గద."

"ఎంచినోనికే ఇచ్చుడు ఎన్నడన్న జూసినవా?" అని గోపమ్మ రొట్టె తుంచి అతని చేతిలో పెట్టింది. కోపంతో అన్న మాట కాదు, అడగవలసింది అడిగింది.

నీడ కొంచెం జరిగాక ఇన్స్పెక్టరు గారు పడవ నడిపే ఇద్దరి పేర్లు అడిగారు. సభ్యులు లింగస్వామి పేరు పలికారు. రెండవ పేరు గాలయ్యదని రామచంద్రం చెప్పాడు. ఇన్స్పెక్టరు గారు కలం ఆపి, గాలయ్యను పాదాల నుంచి తలదాకా చూశారు.

"నలభై అయిదు దాటినవారిని తీసుకోవద్దని నిబంధన."

"నా ఈడు ఎవరికెర్క సార్? పుట్టిననాడు రాసినోడు లేడు. తలకు గింత తారు పూసుకుంట, నలభై అని రాసుకోండ్రి."

ఇన్స్పెక్టరు గారు నవ్వారు. మంచి మనిషే. కాని కలం కదలలేదు. "నేను రాసినా పైనుంచి తిరిగి వస్తుంది. నా చేతిలో లేదయ్యా."

గాలయ్య రామచంద్రం వైపు చూశాడు. రామచంద్రం నేల వైపు చూస్తున్నాడు. ఇంకెవరి వైపు చూడాలో గాలయ్యకు తెలియలేదు. రెండవ పేరు దగ్గర కొంతసేపు తర్జనభర్జన జరిగి, గుర్వయ్య పేరు రాశారు. పొద్దున వేలిముద్ర వేసిన గుర్వయ్య అప్పటికే సూర్యాపేట సంతకు పోయి ఉన్నాడు.

కనుక సాయంత్రం బరువుతో జరపవలసిన ఆఖరి పరీక్షకు గుర్వయ్యకు బదులు గాలయ్యనే ఎక్కమన్నారు. ఆ ఒక్కసారికి నిబంధన అడ్డు రాలేదు. గాలయ్య గోనెసంచిని మళ్లీ తడిపి వెనుక బల్ల మీద పరుచుకున్నాడు. ముందు లింగస్వామి, నడుమ తడిసిన వల. ఇద్దరూ నీటి నడిమికి పోయారు. అక్కడి నుంచి కట్ట మీది మనుషులు జొన్నగింజలంత కనిపిస్తున్నారు. గాలయ్య తెడ్డు వేస్తున్నాడు. ఆ బల్ల మీద తాను కూర్చోవడం అదే చివరిసారి అని అతనికి తెలుసు. అందువల్ల తొందర పడలేదు.

పడమటి గుట్టల మీద ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగింది. వైశాఖంలో వచ్చే గాలిదుమారం అది, చెప్పి రాదు. నీటి మీద గీత గీసినట్టు దూసుకొచ్చి పడవను తాకింది. లింగస్వామి ఆలోచించలేదు. ముప్పై తరాల పుట్టివాళ్లు ఏమి చేశారో అదే చేశాడు. తెడ్డు లోపల పడేసి, వల పక్కన అణగి కూర్చుని, తల మోకాళ్లలో దాచుకున్నాడు.

పడవ పక్కకు తిరిగింది. మొదటి అల అంచు మీదుగా లోపలికి వచ్చింది.

"లేవురా. తెడ్డు పట్టు," అన్నాడు గాలయ్య. ఆ మాట గాలిలో ఎటో పోయింది. రెండవ అల వచ్చింది. లింగస్వామి లేవలేదు, లేవకూడదనే అతనికి నేర్పారు. గాలయ్య పాదాలను నడిమి బల్లకు తన్నిపెట్టి, ఒక్క తెడ్డుతో, ఒంటి మనిషిగా, పడవ మూతిని గాలివైపు లాగడం మొదలుపెట్టాడు. అది అంగుళం వచ్చి రెండంగుళాలు పోయింది. మళ్లీ లాగాడు. చివరికి తిరిగింది. తిరిగినదానిని అలాగే పట్టి ఉంచాలి. పట్టు వదిలితే మళ్లీ పక్కకు పోతుంది. దుమ్ము కళ్లు కప్పింది. ఎంతసేపో అతనికి తెలియలేదు. లింగస్వామి ఎప్పుడో తల ఎత్తి, పెదనాన్నను చూసి, తలగుడ్డతో నీళ్లు పీల్చి బయటికి పిండసాగాడు.

గాలి వచ్చినట్టే పోయింది. పడవ ఒడ్డు చేరేసరికి ఏజెంటు ఎదురొచ్చాడు. "చూశారా సార్, మా పడవ ఎట్లా తట్టుకుందో." ఇన్స్పెక్టరు గారు తల ఊపారు. ఐలేశం రాసుకున్నాడు. అందరూ లింగస్వామిని దింపి, గొంగడి కప్పి, చాయ్ చేతికిచ్చారు.

గాలయ్య దిగలేదు. మోకాళ్లు మొరాయించాయి కాబోలని ఎవరూ పట్టించుకోలేదు. తెడ్డు ఒడిలో అడ్డంగా పెట్టుకుని, కాళ్లు కిందికి వదిలి, బల్ల మీద కూర్చునే ఉన్నాడు. గోపమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలోకి వచ్చింది.

"దిగరాదయ్యా, పొద్దు పోతాంది."

అతని మోకాలి మీద చేయి వేసింది. ముట్టుకుంటే చాలు ముడుచుకునే మోకాలు ఈసారి కదలలేదు. గోపమ్మ కేక వేయలేదు. తిన్నగా వేలాడుతున్న రెండు పాదాలనూ చేతుల్లోకి తీసుకుని, ఎవరైనా ఇటు చూసేదాకా నీళ్లలో అలాగే నిలబడింది.

అయిదవ రోజున సంఘం మళ్లీ సమావేశమైంది. పడవ మూసీ నీటిలో గాలికి తట్టుకుని నిలిచిందని, కనుక దానినే స్వీకరించవచ్చునని ఐలేశం చదివి వినిపించాడు. లింగస్వామి లేచాడు. అతనికి చదువు రాదు, సభలో ఎన్నడూ మాట్లాడలేదు.

"పడవ నిలువలేదు. మా పెద్దబాపు నిలిపిండు. గట్ల రాయి. ఆయన రాయమన్నది గూడ రాయి."

ఐలేశం రామచంద్రం వైపు చూశాడు. రామచంద్రం రాయమన్నట్టు చేయి ఊపాడు. ఐలేశం పాత వాక్యాన్ని కొట్టివేసి, కింద ఇట్లా రాశాడు:

"సంఘ సభ్యుడు, కీర్తిశేషుడు గాలయ్య గారు ఈ పడవను పరీక్షించి ఎంపిక చేసినందుకును, గాలిదుమారములో పడవ ముఖమును గాలికెదురుగా నిలిపి లింగస్వామిని ప్రాణములతో ఒడ్డు చేర్చినందుకును సంఘము కృతజ్ఞత తెలుపుచున్నది. గాలి వచ్చినప్పుడు ఈ పడవలో తెడ్డు విడువరాదని వారు చెప్పిన మాటను ఇందుమూలముగా నమోదు చేయడమైనది."

పదిమంది వేలిముద్రలు వేశారు. కట్ట కింద, సగం నల్లగా, సగం గోనె రంగులో, బోర్లించిన పుట్టి అట్లాగే ఉంది; దాని పక్కన, మూడు రాళ్ల మీది డబ్బాలో గడ్డకట్టిన తారులో, ఈత కుంచె నిలువునా బిగుసుకుని ఉంది.