అడుగున ఒక పిక్క

జంతువుల కార్డుల ఆటలో రణభేరి అనే కార్డుని ఝాన్సీ మొదటిరోజే పక్కన పెట్టేసింది. దాని మీద నగారా బొమ్మ ఉంది. బొమ్మ కింద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది: ఈ కార్డు నేల మీద ఉన్నంతసేపూ ఎదుటి ఆటగాళ్ల జంతువులన్నీ దీన్ని వేసినవాడి మీదికే పోవాలి. ఇద్దరు ఆడితే ఎదుటివాడు ఎలాగూ నీ మీదికే వస్తాడు, పోవడానికి ఇంకో మనిషి లేడు. నలుగురు ఆడితే ఆ కార్డు వేసినవాడు ముగ్గురి చేతా దెబ్బలు తింటాడు. ఏ లెక్కలో చూసినా దానితో పనిలేదు.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె తండ్రి తిరుమలరావు పక్కన పెట్టిన కార్డుల్లోంచి దాన్ని తీశాడు.

"ఇదేటి సేస్తాది?"

ఝాన్సీ చదివి చెప్పింది.

"నా కట్టలో ఎయ్యి."

"వేస్తే ముగ్గురం నీ మీదికే రావాల నాన్నా."

"అందుకే ఎయ్యమన్నాను."

వాళ్ల ఇల్లు కవిటి దగ్గర, కొబ్బరితోటని ఆనుకుని ఉంది. తిరుమలరావు ఆ తోటా, కొంత జీడితోటా చేసుకునేవాడు. కిడ్నీలు పాడయ్యాక తోట కౌలుకిచ్చాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళతాడు. భార్య తాయారు తమ్ముడు గంగులుకి ఆటో ఉంది. బావని తీసుకెళ్లి, అయ్యేదాకా బయట కూచుని, తీసుకొస్తాడు. ఊళ్లో ఇది వింత కాదు. ఆ వీధిలోంచే ఇంకో ఇద్దరు వెళతారు.

జబ్బుకి ముందు తిరుమలరావు సాయంత్రాలు తోటలో పేక ఆడేవాడు. ఆటలో ఎవరినీ వదిలేవాడు కాదు. గంగులు పెళ్లయిన కొత్తలో, అతని అత్తవారి ముందే అతన్ని ఓడించి లేపాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కూతురినీ వదల్లేదు. ఝాన్సీ చిన్నప్పుడు ఇద్దరూ అరుగు మీద గవ్వలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లు. ఆమె ఓడిపోయి ఏడ్చేది. తాయారు "పసిదాన్ని ఒక్కసారి గెలవనీరాదా" అనేది. "నాను గెలిపిస్తే దానికేటి వస్తాది?" అనేవాడు. ఆమె మొదటిసారి గెలిచిన రోజు అతను గోడ దగ్గరికి వెళ్లి పక్కింటి గున్నమ్మని కేకేసి చెప్పాడు. తర్వాత వీధిలో మిగతా వాళ్లకీ చెప్పాడు.

డయాలసిస్ మొదలయ్యాక తోటలో ఆట మారింది. స్నేహితులు ముక్కలు కింద పడేసి "నీదే ఆట" అనడం ఎక్కువైంది. ఒక సాయంత్రం తిరుమలరావు వాళ్లు పడేసిన ముక్కల్ని తిప్పి చూశాడు. చూసి, లేచి ఇంటికొచ్చాడు. మళ్లీ వెళ్లలేదు.

ఝాన్సీ ఎచ్చెర్లలో ఎంసీఏ చదువుతోంది. హాస్టల్లో తన గదిలోనే ఉండే విశాలి ఆమెకి ఈ జంతువుల కార్డుల ఆట నేర్పింది. కొత్త ఆటలో కావాలని ఓడిపోవడం ఎలాగో ఇంట్లో ఎవరికీ తెలియదని ఝాన్సీకి తోచింది. స్టార్టర్ సెట్లు రెండు కొని, జూన్‌లో ఇంటికి తెచ్చింది.

సెట్టు ఇద్దరి కోసం తయారైనది కాబట్టి నలుగురికి కట్టలు మళ్లీ కట్టాల్సి వచ్చింది. కార్డులన్నీ అరుగు మీద పరిచింది. 'ఎదుటి ఆటగాడు ఒకరు' అని ఉన్నవి ఒక కుప్ప, 'ఎదుటి ఆటగాళ్లందరూ' అని ఉన్నవి ఒక కుప్ప. ఎదుట ముగ్గురున్నప్పుడు రెండో కుప్పకే విలువ. త్వరగా వచ్చి కొట్టే చిన్న జంతువులు ఒకరిని పడగొట్టేసరికి అలిసిపోతాయి, ఇంకా ఇద్దరు మిగిలే ఉంటారు. అందుకని వాటిని తగ్గించి, ఆలస్యంగా వచ్చే పెద్దవాటిని పెంచింది. ఒక్కో కార్డునీ తండ్రికి చూపించి, చదివి, అతను ఊఁ అంటే అతని కట్టలో వేసింది. అతను ఏనుగుల్ని ఏరుకున్నాడు. తాయారుకి ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూసి నక్కలన్నీ తనకిమ్మంది.

"నీకు నక్కలెందుకప్పా? అద్దం లేదేటి ఇంట్లో?" అన్నాడు గంగులు.

"నీకు గాడిదలు మిగిల్సినాను, తీస్కో" అంది తాయారు.

ఒక్కొక్కరికి ఇరవై ప్రాణాలు. లెక్కకి పెట్టెలో పాచికలున్నాయి గానీ అవి చెయ్యి తగిలితే దొర్లిపోతున్నాయి. తాయారు చింతపిక్కలు తెచ్చి, నాలుగు స్టీలు గ్లాసుల్లో పోసింది. తిరుమలరావుకి అతని పాత గ్లాసే ఇచ్చింది. డాక్టరు నీళ్లకి కొలత పెట్టాక ఆ గ్లాసుని ఎవరూ వాడటం లేదు. గంగులు ఒక నియమం పెట్టాడు: కొట్టినవాడే ఎదుటివాడి గ్లాసులో చెయ్యి పెట్టి పిక్కలు తీసుకోవాలి. "దెబ్బ తిన్నోడికి నొప్పి తెలియాల, కొట్టినోడికి సిగ్గు తెలియాల" అన్నాడు. ఆ ఇంట్లో ఆట అలాగే సాగింది. ఝాన్సీ ఇంటికి వచ్చిన ప్రతి ఆదివారం ఆడేవాళ్లు. ఆగస్టుదాకా తిరుమలరావు ఓడిపోయిన ఆటలే ఎక్కువ. ఓడినప్పుడల్లా తన కట్ట విప్పి ఏ కార్డు తీసెయ్యాలో కూతురితో మాట్లాడేవాడు.

అక్టోబరులో అతని చేతిలో సూదులు గుచ్చే నరం మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం పెట్టారు. గుండె పనితనం సగానికి పడిపోయిందని, ఇకమీద ఎన్నాళ్లని చెప్పలేమని డాక్టరు గంగులుకీ ఝాన్సీకీ చెప్పాడు. వాళ్లు తాయారుకి చెప్పారు. తిరుమలరావుకి ఎవరూ చెప్పలేదు. అతను అడగలేదు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారాల్లో అతను ఓడిపోలేదు. గంగులు జంతువులు తాయారు మీదికి పోయేవి. తాయారు నక్కలు గంగులు మీదికి పోయేవి. ఝాన్సీ ఇద్దరి మీదికీ పోయేది.

అప్పుడే అతను రణభేరిని తన కట్టలో వేయించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆటలో అది అతనికి తొందరగానే వచ్చింది. అరుగు మీద మధ్యలో పెట్టాడు.

"రండి" అన్నాడు.

రాక తప్పలేదు. గంగులు తన వరసలో చిన్నదాన్ని పంపాడు.

"అన్నీ రావాలని కదరా రాసున్నాది. దున్నపోతు దాసుకున్నావేటి? దూడ కట్టినావా దానికి?"

గంగులు దున్నపోతుని కూడా ముందుకి జరిపాడు. రెండూ కలిపి ఏడు. బావ గ్లాసులో చెయ్యి పెట్టి తీసుకున్నాడు. తాయారు వంతు వచ్చింది. ఆమె నక్కలు నాలుగు. ఆమె కూడా తీసుకుంది. తిరుమలరావు తన చేతిలోని కార్డులే చూస్తున్నాడు. చూపు ఎత్తకుండా అన్నాడు.

"ఏడుకి అయిదు తీసినావు గంగులూ. నీ అప్ప నాలుక్కి రెండు తీసినాది."

"లేదు బావా, లెక్కెట్టే తీసినాను."

"నీ సెయ్యి ఇప్పు."

గంగులు విప్పలేదు. పిక్కల్ని తన గ్లాసు పక్కన ఉన్న కుప్పలో వేసేశాడు.

"గ్లాసులో పిక్క పిక్కకీ సప్పుడు వస్తాదిరా. సెవులు బానే ఉన్నాయి నాకు." తిరుమలరావు కార్డులు దించాడు. "డాక్టరేటి సెప్పినాడో నాకు ఎవులూ సెప్పక్కర్లేదు. మీ సేతులు సెప్పేసినాయి."

తాయారు లేచి లోపలికి వెళ్లబోయింది.

"కూకో" అన్నాడు. "నానింకా పోనేదు. పోకముందే నన్ను ఆటలోంచి తీసేస్తన్నారు మీరు. తోటలో ఆళ్లు అదే సేసినారు. ఇక్కడా అదేనేటి?"

"అది కాదండీ..." అంది తాయారు.

"మరేటి?"

అతను రణభేరిని తీసి ఝాన్సీ చేతిలో పెట్టాడు.

"ఇది తీసీ. కార్డు సెప్పినాదని వస్తే అది రావడం కాదు. వస్తే మీ అంతట మీరు రండి. నేకపోతే ఈ పెట్టె అటక మీద పెట్టీండి."

ఝాన్సీ ఆ కార్డు స్థానంలో ఇంకో ఏనుగుని వేసింది. ఆ రోజు మళ్లీ ఆడలేదు. తర్వాతి ఆదివారం ఆమె రాలేదు, పరీక్షలున్నాయి. ఆ వారమే తిరుమలరావుని ఆయాసంతో శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చేర్చారు. అక్కణ్నుంచి వచ్చాక అతను గోడ పట్టుకుని నడిచేవాడు. రెండు మాటలకోసారి ఆగేవాడు.

డిసెంబరులో పరీక్షలు అయిపోయాక ఝాన్సీ వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం అతనే పెట్టె అడిగాడు. అరుగు మీద దిళ్లు పెట్టి కూచోబెట్టారు. తాయారు గ్లాసుల్లో పిక్కలు లెక్కపెట్టి పోసింది. అతను తన గ్లాసు అటూ ఇటూ వంచి చూసుకున్నాడు.

ఆట చాలాసేపు నడిచింది. గంగులు ఒకసారి అతన్ని కొట్టి, చెయ్యి విప్పి పిక్కలు చూపించాడు. "సూసుకో బావా, ఒక్కటి తగ్గినా నన్నడుగు." తిరుమలరావు తల ఊపాడు. తాయారూ కొట్టింది. ఎనిమిది తగ్గాలి, తగ్గాయి. అయితే రెండుసార్లూ అతనికి ఇంకా చాలా ఉన్నాయి. ఆ దెబ్బలకి ఎవరూ ఆటలోంచి పోరు.

తర్వాత అతని ఏనుగులు వచ్చాయి. అతను వాటన్నిటినీ గంగులు మీదికి పంపాడు. కొట్టిన జంతువు ఆ ఆటగాడి వంతు మళ్లీ వచ్చేదాకా పడుకుని ఉండాలి. పడుకున్నది కాపలా కాయలేదు. అంటే తిరుమలరావు ముందు ఇప్పుడు కాపలాకి ఎవరూ లేరు. అతని గ్లాసులో తొమ్మిది పిక్కలున్నాయి.

ఝాన్సీ వంతు వచ్చింది.

ఆమె ముందు మూడు పులులు నిలబడి ఉన్నాయి. ఒక్కోదానికి మూడు బలం. ఇంకో చుట్టు వదిలితే ఏనుగులు లేస్తాయి, మిగతా ముగ్గురిలో ఇద్దరు పోతారు. హాస్టల్లోని విశాలి అయితే కార్డులు చూసిన వెంటనే తిరుమలరావు గ్లాసు వైపు చెయ్యి చాచేది. గంగులు గ్లాసులో నాలుగే ఉన్నాయి. అతని మీదికి పోయినా ఎవరూ తప్పనలేరు. గంగులు ఆమె వైపే చూస్తున్నాడు. తన గ్లాసుని వేలితో కొంచెం ముందుకి జరిపాడు.

తిరుమలరావు అది చూశాడు. చూసి, ముఖం తోట వైపు తిప్పుకున్నాడు. చేతిలోని కార్డుల్ని ఒకదాని మీద ఒకటి సర్ది మూసేశాడు.

"మావా, నీ గ్లాసు ఎనక్కి తీస్కో" అంది ఝాన్సీ.

గంగులు తీసుకున్నాడు.

ఆమె కొట్టడానికి మూడు పులుల్నీ అడ్డంగా తిప్పింది.

"ఎవుల మీదికి?" అన్నాడు తండ్రి. ఇంకా తోట వైపే చూస్తున్నాడు.

"నీ మీదికే నాన్నా."

"లెక్క?"

"తొమ్మిది."

అతను ఇటు తిరిగాడు. గ్లాసు ఎత్తి ఆమె ముందు పెట్టాడు. ఝాన్సీ చెయ్యి లోపలికి పెట్టింది. రెండు తీసింది. మళ్లీ మూడు తీసింది. మళ్లీ మూడు. చెయ్యి వెనక్కి తీసుకుని పిడికిలి ఒళ్లో పెట్టుకుంది.

తిరుమలరావు గ్లాసు తీసుకుని చెవి దగ్గర ఊపాడు. అందరికీ వినబడింది.

"ఇంకోటున్నాది" అన్నాడు.

"నాన్నా."

"తియ్యి."

ఆమె కదల్లేదు. అతను గ్లాసుని ఆమె వైపు వంచి పట్టుకున్నాడు. చెయ్యి వణకడం వల్ల పిక్క లోపల చప్పుడు చేస్తూనే ఉంది. అతను గ్లాసు దించలేదు. ఝాన్సీ చెయ్యి పెట్టి, అడుగున ఉన్న పిక్కని తీసుకుంది.

అతను గ్లాసుని అరుగు మీద బోర్లించాడు.

"అయిపోనాను" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆ పులులు మూడూ ఎప్పట్నుంచి కదపకుండా దాసినావే?"

"మొదటినుంచీ."

"నాను సూసుకోనేదు. ఏనుగులొచ్చినాయని సంబరపడిపోనాను." అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక పక్కింటి గోడ వైపు మెడ తిప్పి పిలిచాడు. "ఒసే గున్నమ్మా."

ఆ గొంతు గోడదాకా పోలేదు. మళ్లీ పిలిచాడు. అదీ పోలేదు. గంగులు కేకెయ్యడానికి నోరు తెరిచాడు. తాయారు చేత్తో వారించి, లేచి, తనే గోడ దగ్గరికి నడిచింది.

"గున్నమ్మా" అని పిలిచింది. "మా ఝాన్సీ ఆళ్ల నాన్నని ఆటలో ఓడించేసినాదంట. నీకు సెప్పమంతన్నాడు."

గోడ అవతల చేట చప్పుడు ఆగింది. "ఓలమ్మ! అప్పుడది ఏడిసేది. మరిప్పుడు ఈయన ఏడిసినాడేటి?"

"నేదు" అంది తాయారు.

గోడ మీద చెయ్యి పెట్టి నిలబడింది. గున్నమ్మ ఇంకేదో అడిగింది. తాయారు వెంటనే వెనక్కి తిరగలేదు.