తాళాలకు ఓడిన పడక కుర్చీ

నేను ఒక పడక కుర్చీని. టేకు చట్రం, చారల గుడ్డ, కాస్త ఎక్కువ పాళ్లలో అసూయ. నన్ను చేసిన వడ్రంగి పెట్టింది మొదటి రెండే. మూడోది మనుషుల్ని మోస్తూ మోస్తూ అబ్బింది.

మండపేటలో ఒక ప్లీడరు గారు నా మొదటి యజమాని. ఆయన నాలో వాలి కళ్లు మూసుకుంటే ఇంట్లోవాళ్లు ఆలోచిస్తున్నారనుకునేవారు. గురక పెట్టినా అలాగే అనుకునేవారు. ఆయన కాలం చేశాక పాత సామాన్ల కొట్లో నన్ను మడిచి గోడకు చేరవేశారు. మడిచిన కుర్చీకి పొద్దు ఎలా గడుస్తుందో మీకు తెలియదు. ఎదుట గోడ, ఎప్పుడూ అదే గోడ.

చివరికి బస్సు డిపో వాళ్లు నన్ను కొని, వార్నీషు పూసి, కొత్తదాన్నని నమ్మించి, ఉద్యోగం విరమిస్తున్న కండక్టరు కోటిలింగం గారికి కానుకగా ఇచ్చారు.

"జీవితమంతా నిలబడే ఉన్నావు బావా! ఇంక కూర్చో" అన్నాడు ఆయన బస్సు డ్రైవరు అబ్బులు.

కోటిలింగం గారు ఆ మాటను ఆజ్ఞగా తీసుకున్నారు. తెల్లారకముందే లేచి, స్నానం చేసి, నామం పెట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి నాలో వాలిపోయేవారు. దారిన పోయే బస్సు హారను వినిపిస్తే చాలు, "ద్వారపూడి బండి. ఇవాళ ఆలస్యం" అనేవారు. వినేవాళ్లెవరూ ఉండేవారు కాదు, నేను తప్ప.

ఆయన భార్య సూరమ్మ చీపురుతో వచ్చేది. "ఏవండీ, ఊడుద్దామంటే కుర్చీ, తుడుద్దామంటే కుర్చీ. కాసేపు అలా బయటికెళ్లి రాకూడదాండీ?"

"ఎక్కడికెళ్లనే? నాతో ఎవరికేం పని?"

ఆ మాట అన్నప్పుడల్లా ఆయన బరువు పెరిగేది. గుడ్డ మీద తెలిసేది నాకు. తినడం తగ్గించారు, మాట తగ్గించారు, అయినా బరువు పెరుగుతూనే ఉంది. ఉన్నమాట చెప్పాలంటే నాకది తీపిగా ఉండేది. ఇంత పూర్తిగా ఒక మనిషి నావాడు కావడం అదే మొదలు. మధ్యలో ఆయన కనకాంబరం మొక్కలు వేస్తే నాకు కడుపు మండింది. మేక వచ్చి మేసిపోతే చల్లబడింది. టీవీని చూసి మాత్రం నేనెప్పుడూ భయపడలేదు. అది మాట్లాడుతుంటే ఆయన నాలోనే నిద్రపోయేవారు.

ఒక శనివారం సూరమ్మ చక్రపొంగలి గిన్నె చేతికిచ్చి, రామమందిరంలో ఇచ్చి రమ్మని పంపింది. గిన్నె ఇచ్చి రావడానికి ఎంతసేపు? ఎంతకీ రారే! తీరా వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. చేతిలో తాడుతో కట్టిన ఇత్తడి తాళాల జత.

"భజనలో తాళం వేసే మనిషి రాలేదంట. భజన నడిపే బుల్లెబ్బాయిగారు నా చేతిలో పెట్టేశారే!" అంటూ వాటిని తెచ్చి నా ఒళ్లోనే పెట్టారు.

చల్లటి ఇత్తడి. నాలుగు వేళ్ల వెడల్పు లేవు, ఒళ్లంతా గర్వం. ఆ రోజు నుంచీ ఆయన నా అంచు మీద నిటారుగా కూర్చుని సాధన చేసేవారు. పడక కుర్చీలో నిటారుగా కూర్చోవడం కంటే అవమానం ఇంకేముంటుంది? నా గుడ్డ ఖాళీగా వేలాడేది. భగవంతుడు మనిషికి ఖాళీ ఇచ్చింది తన పేరు పలకడానికే కావచ్చు, కాదనను. మరి కుర్చీని కూడా ఆయనే చేయించాడు కదా, దాని సంగతేమిటి? అంతే నేనడిగేది.

నా మొర ఆ భగవంతుడు విన్నాడనిపించింది. కండక్టరు తాడు లాగి ఒక గంట కొడితే బస్సు ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఆ అలవాటు కోటిలింగం గారి చేతిలోంచి పోలేదు. ఏకాదశి భజనలో చరణం ముగిసి పాడేవాళ్లు ఊపిరి తీసుకుంటుంటే, ఈయన టంగ్ టంగ్‌మని రెండు కొట్టేశారట. జనం తడబడుతూ తరవాతి చరణం ఎత్తుకున్నారట. ఇలా మళ్లీ మళ్లీ.

"కండక్టరుగారో! ఎక్కేవాళ్లింకా ఉన్నారండి, అప్పుడే రైట్ చెప్పేశారేంటి?" అని ఎవరో అనడంతో మందిరమంతా గొల్లుమందట.

ఆయన ఇంటికి వచ్చి సూరమ్మతో ఇదంతా చెప్పి, తాళాలను మంచం కిందికి తోసి, నాలో కూలబడ్డారు. "ఇంకెక్కడికీ పంపకే నన్ను" అన్నారు.

నాకు పండగే. కానీ ఆ పండగలో ఏదో లోటు. ద్వారపూడి బండి పోయినా ఆయన ఇప్పుడు ఏమీ అనడం లేదు. మడిచి గోడకు చేరవేసినట్టు ఉన్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అయినా వదలాలనిపించలేదు.

శ్రీరామనవమి దగ్గర పడుతుండగా బుల్లెబ్బాయిగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏకాహం పెడుతున్నామండి. రాత్రీ పగలూ నామం ఆగకూడదు. ఒక జట్టు లేచి ఇంకో జట్టు కూర్చునేటప్పుడే తెగిపోతోందండి. పోయినేడాదీ అదే అయింది. ఆపమనీ కదలమనీ సైగ చేసే మనిషి కావాలి. మీ గంటలున్నాయే, అవి కావాలండి మాకు."

"నవ్వుతారండీ" అన్నారు కోటిలింగం గారు.

"నవ్వితే నవ్వనీండి. నామం తెగితే ఏడవాల్సింది అందరం."

ఆయన లేవబోయారు. మళ్లీ భయపడి వెనక్కి వాలారు. ఆ క్షణంలో నాకున్న బలమంతా కూడదీసుకుని ఆయన్ను పట్టేసుకున్నాను. పాత గుడ్డ. పర్రుమని నిలువునా చిరిగింది. ఆయన నా చట్రం మధ్య నేల మీద పడ్డారు.

సూరమ్మ పరుగెత్తుకొచ్చి, దెబ్బ తగల్లేదని చూసుకుని, పకపకా నవ్వింది. "కుర్చీ కూడా పొమ్మంటోందండి. ఇంకా చూస్తారేం?"

నేను పొమ్మనలేదు! ఉండమన్నాను! చిరిగిన నోటితో ఎవరికి చెప్పుకోను?

ఆయన కూడా నవ్వారు. మంచం కిందికి వంగి తాళాలు తీసుకుని బుల్లెబ్బాయిగారి వెంట వెళ్లారు.

నా చట్రం ఇప్పుడు పెరట్లో చిక్కుడు పాదును మోస్తోంది. నేను మాత్రం గుడ్డలోనే ఉన్నాను. ఇన్నాళ్ల వీపు వెచ్చదనం దాచింది గుడ్డే కదా. చిరగని మేర కత్తిరించి సూరమ్మ ఒక సంచి కుట్టింది. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. తాళాలకు.

ఏకాహం నాడు ఆయన భుజానికి వేలాడుతూ మందిరానికి వెళ్లాను. ఒక జట్టు గొంతు అలసిపోతుంటే ఒక దెబ్బ పడింది. కొత్త జట్టు కూర్చునీ కూర్చోకముందే రెండు పడ్డాయి. నామం తెగలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అసూయ పోయిందనుకోకండి. అవి ఆయన చేతుల్లో మోగుతున్నంతసేపూ నేను మేకుకు ఖాళీగా వేలాడుతూ ఉడికిపోతుంటాను. భజన అయ్యాక ఆయన వాటిని నాలో పడేస్తారు. ఆయన అరచేతి వేడి ఇంకా ఆరకుండానే నా దగ్గరికి వస్తుంది. ఆ కాస్తా నాదే.